ట్రయల్స్ మోటారు సైకిళ్ళు – ఫ్రాన్సిస్కో బుల్టో జీవితము

మోటారు సైకిలు అనగానే మన విద్యార్థి సోదరులకు వేగమే జ్ఞాపకము వచ్చును. మెండోర నుండి ఆర్మూరు మీదుగా నిజామాబాదు ఎంత త్వరగా చేరితిమన్నదే బండి గొప్పతనమునకు కొలమానమని మనవారి నమ్మకము. అయితే వేగముతో ఏమాత్రము సంబంధము లేని ఒక మోటారు సైకిలు పోటీ లోకమున కలదు. దానికి ట్రయల్స్ అని పేరు. ఆ పోటీకై ఒక గొప్ప బండిని తయారుచేసి, ఆ బండితోనే కీర్తి గడించి, చివరకు తన కార్ఖానా తలుపులు మూతపడుట కన్నులారా చూచిన ఒక స్పెయిన్ దేశీయుని జీవితమును మా పాఠకులకు పరిచయము చేయదలచినాము. మహా కంపెనీలు సైతము ఈ బండ్ల తయారీని ఎందులకు ఒక్కొక్కటిగా మానుకొన్నవో ఆ జీవితమును చూచిన వారికి చాలవరకు బోధపడును.

ముందుగా ఆ పోటీ ఎట్టిదో తెలుపవలెను. ఆర్మూరు సిద్ధులగుట్ట వద్ద ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండు నల్లని బండరాళ్ళను చూడనివారు మన జిల్లాలో అరుదు. అటువంటి రాళ్ళ మీదుగా, వాగు గర్భములోని గుండ్రాళ్ళ మీదుగా, బురద చరియల మీదుగా బండిని నడుపవలెను. కాలు నేలకు తగులరాదు. ఒకమారు తగిలిన ఒక దోషపు మార్కు, పలుమార్లు తగిలిన మూడు, బండి పడిపోయినను ఆగిపోయినను ఐదు. అందరికన్న తక్కువ మార్కులు పొందినవాడే విజేత. అనగా మన పరీక్షలకు సరిగ్గా వ్యతిరేకమన్నమాట! ఇందు గెలుచుటకు కావలసినది వేగము గాక సమతూకము, ఓర్పు, ఇంజను అతి నెమ్మదిగా తిరుగునప్పుడు కూడ తడబడని బలము.

ఫ్రాన్సిస్కో జేవియర్ బుల్టో 1912వ సంవత్సరము మే నెలలో బార్సిలోనా నగరమున జన్మించినారు. ఆప్తులు ఆయనను పాకో అని పిలిచెడివారు. తరువాతి కాలమున కార్మికులకును, పందెగాండ్రకును ఆయన డాన్ పాకో అయినారు; డాన్ అన్నది మన సాహెబు వంటి గౌరవ పదము. సంపన్న కుటుంబమున పుట్టినను ఆయనకు యంత్రముల మీదనే మక్కువ. స్వయముగా పందెములలో పాల్గొన్న మనిషి. స్పెయిన్ అంతర్యుద్ధము ముగిసి దేశము చితికిపోయి యున్న రోజులలో, 1944లో పెద్రో పెర్మాన్యేర్ అను మిత్రునితో కలిసి మోంటెసా అను మోటారు సైకిళ్ళ సంస్థను స్థాపించినారు. ఆ దినములలో జనరల్ ఫ్రాంకో ప్రభుత్వము విదేశీ సరుకులపై భారీ సుంకములు విధించుటచే స్వదేశపు బండికి ఎదురు లేకుండెను. మోంటెసా త్వరలోనే నిలదొక్కుకొన్నది. 1956లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన ప్రసిద్ధమైన టి.టి. పందెములో 125 సి.సి. తరగతియందు మోంటెసా బండ్లు రెండు, మూడు, నాలుగు స్థానములను గెలుచుకొన్నవి. ఒక చిన్న దేశపు చిన్న కంపెనీకి అది సామాన్యమైన విజయము కాదు.

అయినను భాగస్వాములకు పొత్తు చాలకాలము కుదరలేదు. దేశ ఆర్థిక పరిస్థితి బాగులేనందున 1958లో పందెముల ఖర్చు మానుకొనవలెనని మోంటెసా యాజమాన్యము నిర్ణయించినది. పందెములు లేని మోటారు సైకిళ్ళ వ్యాపారము బుల్టోకు రుచింపలేదు. బండిని కఠిన పరీక్షకు పెట్టిననే గాని దాని లోపములు బయటపడవని ఆయన సిద్ధాంతము. అందుచే ఆయన తాను నాటిన చెట్టు నీడనే వదలుకొని బయటకు వచ్చినారు. మేము గమనింపదగినదిగా భావించునది ఆ పిదప జరిగిన విషయము. పందెముల విభాగమున పనిచేయుచున్న పనివారు కొందరు ఆయనను వెదకుకొనుచు వచ్చి, కొత్త కార్ఖానా పెట్టుమని పట్టుబట్టినారు. యజమాని పనివారిని వెదకుకొనుట లోకమున పరిపాటి. పనివారే యజమానిని వెదకుకొని వచ్చుట అరుదు.

ఆ విధముగా ఆయన పల్లెటూరి భవంతిలోనే బుల్టాకో సంస్థ రూపుదాల్చినది. బుల్టో అను ఇంటిపేరును, పాకో అను ముద్దుపేరును కలిపి ఆ పేరు పెట్టినారు. పైకెత్తిన బొటనవ్రేలు దాని చిహ్నము. డేవిడ్ విట్‌వర్త్ అను ఇంగ్లీషు పందెగాడు బండి మీద పోవుచు, అంతయు సవ్యముగా నున్నదని తన వారికి అట్లు సైగ చేయుట చూచి బుల్టో ముచ్చటపడి దానినే ముద్రగా స్వీకరించినారట. 1959 మార్చిలో ట్రాల్యా అను మొదటి 125 సి.సి. బండి వెలువడినది. తరువాత కార్ఖానా బార్సిలోనా చెంత నున్న సాంట్ అద్రియా అను చోట వృద్ధిచెందినది.

ఇక ట్రయల్స్ వైపు చూతము. నాడు ఆ ఆటకు పుట్టినిల్లు ఇంగ్లండు. అచ్చటి ప్రముఖ కంపెనీలు చాలవరకు పెద్ద ఫోర్-స్ట్రోక్ ఇంజనుల బండ్లను తయారుచేసెడివి. మన మద్రాసులో 1955 నుండి బిగించబడిన బుల్లెట్ బండికి మూలమైన ఇంగ్లండు బుల్లెట్ మీదనే జానీ బ్రిటన్ అను ఆయన 1952లోను, 1957లోను స్కాట్లండు ఆరు దినముల ట్రయల్‌లో ప్రథముడుగా నిలిచినాడు. కాని ఆ కంపెనీలు క్రమముగా ఈ రంగము నుండి తప్పుకొన సాగినవి. ఏరియల్ అను సంస్థ 1959లో ఫోర్-స్ట్రోక్ బండ్లనే పూర్తిగా మానివేసినది. ఆ సంస్థ 500 సి.సి. బండి మీద సాటిలేని పేరు తెచ్చుకొన్న బెల్‌ఫాస్టు నగరవాసి సామీ మిల్లర్, తయారీ ఆగిపోయిన ఆ పాత బండినే చెక్కుకొనుచు, తేలిక చేసికొనుచు మరి కొన్ని సంవత్సరములు నెట్టుకొని వచ్చినాడు. తల్లి లేని బిడ్డను పెంచినట్లు పెంచినాడనిన తప్పు లేదు.

1964లో బుల్టో ఆ మిల్లర్‌ను పిలిపించినారు. స్పెయిన్‌లోని తన భవంతి చుట్టునున్న రాళ్ళు రప్పల మధ్య బండిని మిల్లరే నడుపుట, ఆయన చెప్పిన మార్పును పనివారు వెంటనే చేయుట, మరల నడుపుట; ఈ తీరున కొద్ది వారములలోనే షెర్పా-టి అను బండి సిద్ధమైనది. దాని ఇంజను 244 సి.సి. టూ-స్ట్రోక్. బరువు సుమారు తొంబది కిలోలు మాత్రమే. 1965 మే నెలలో మిల్లర్ దానితో స్కాట్లండు ఆరు దినముల ట్రయల్ గెలిచినాడు. అంతవరకు విదేశీ బండి గాని, టూ-స్ట్రోక్ బండి గాని ఆ పోటీలో ప్రథమ స్థానము పొందియుండలేదు. ఒక్క దెబ్బతో ఇంగ్లండు బరువు బండ్ల శకము ముగిసినది. నిపుణుడైన వాడుకరి మాటను ఇంజనీరు చెవినిడి వినుట వలన కలిగిన ఫలమిది.

ఆ పిదప పదునైదు ఏండ్లు స్పెయిన్ వారి కాలము. 1968లో మోంటెసా వారు కోటా అను బండితోను, తరువాత ఓసా వారును రంగములోనికి దిగినారు. 1975లో ట్రయల్స్‌కు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏర్పడగా మొదటి కిరీటము బుల్టాకో నడిపిన మార్టిన్ లాంప్కిన్‌కు దక్కినది. 1976, 77, 78లలో ఫిన్లండు దేశీయుడు యూర్యో వెస్టెరినెన్, 1979లో అమెరికనుడు బెర్నీ ష్రైబర్ అదే బండితో గెలిచినారు. వరుసగా ఐదు సంవత్సరములు! సరిగ్గా ఆ ఐదవ సంవత్సరముననే, అనగా 1979లోనే కార్ఖానా మూతపడినది. మా కథకు కీలకము ఇదియే. మైదానమున ఓటమి యన్నది ఎరుగని బండి, లెక్కల పుస్తకములో ఓడిపోయినది.

కారణములు ఒకటి రెండు కావు. ట్రయల్స్ బండి స్వభావములోనే ఒక చిక్కు గలదు. అది ఎంత నిపుణముగా తయారైనదో అంతగా ఇతర పనులకు పనికిరాకుండ పోవును. మొదటి షెర్పా బండి మీద కూర్చొని బజారునకు పోవచ్చును. వెనుక మరియొకరిని ఎక్కించుకొనవచ్చును. రాను రాను ఆసనము పలుచనై చివరకు లేకుండనే పోయినది. పెట్రోలు టాంకు చెంబంత అయినది. గేర్లు రోడ్డుకు పనికిరానంత చిన్నవైనవి. ఛాంపియనులు ఎంత ఎత్తు బండలెక్కిన, పోటీ నిర్వాహకులు అంత కష్టమైన దారులు పెట్టసాగినారు. అవి చూచి సామాన్యుడు జంకినాడు. పైగా ఈ బండి త్వరగా చెడదు. నడక వేగముతో పడిన బండికి తగులు దెబ్బ ఎంత? కొన్నవాడు ఏండ్ల తరబడి దానినే వాడుకొనును, కొత్తది కొనడు. ఈ బండి విడిభాగములు కంపెనీ తయారుచేయు వేరు బండ్లకు సరిపోవు. చూచుటకు జనమున్నను కొండకోనలలో ఎందరు గుమిగూడుదురు? పెద్ద కంపెనీలోని గుమాస్తా ఈ హిసాబు వేసిన రోజున తయారీ ఆగుట తథ్యము.

జపాను వారి చరిత్రయే ఇందుకు నిదర్శనము. 1970లలో హోండా వారు సామీ మిల్లర్‌నే బుల్టాకో నుండి తమ వైపు త్రిప్పుకొన్నారు. యమహా వారు ఓసా పందెగాడైన మిక్ ఆండ్రూస్‌ను పిలుచుకొన్నారు. సుజుకి, కవాసాకి సంస్థలును ట్రయల్స్ బండ్లను అమ్మకమునకు పెట్టినవి. ఆశించిన గిరాకీ కనబడకపోవుటచే కవాసాకి, సుజుకి కొద్ది సంవత్సరములకే విరమించినవి. యమహా మరికొంత కాలము సాగించి తానును మానినది. వారికి అది అనేక సరుకులలో ఒక సరుకు. విడిచినను అన్నము దొరకును. బుల్టోకు అట్లు కాదు.

బుల్టాకో పతనమునకు స్పెయిన్ రాజకీయములును తోడైనవి. 1975లో ఫ్రాంకో మరణించెను. చిరకాలము అణగియున్న కార్మికవర్గము సమ్మెలకు దిగినది. చమురు ధరలు పెరిగినవి. ఎగుమతులకు ముఖ్యమైన అమెరికా బజారున జపాను బండ్లు నిండినవి. సుంకపు గోడ చాటున పెరిగిన పరిశ్రమలకు ఆ గోడ సడలుట ప్రాణాంతకమైనది. అయితే దోషమంతయు కాలముదే అని మేము చెప్పజాలము. ఒక చిన్న కార్ఖానా ట్రయల్స్‌కు, మోటోక్రాస్‌కు, రోడ్డుకు, చిన్న 50 సి.సి. రేసులకు అనేక రకముల బండ్లు చేయుచుండెను. ఒక్కొక్కటి ముచ్చటైనదే. కాని ముచ్చటకు పరిమితి యుండవలెను. మోంటెసా పెద్దలు 1958లో పందెముల ఖర్చును గూర్చి చెప్పిన మాట ఇరువది ఏండ్ల తరువాత బుల్టో ఇంటనే నిజమైనది. మోంటెసా మాత్రము హోండా చేతిలోనికి పోయి, ఆ నీడన నేటికిని ట్రయల్స్ బండి పేరు నిలుపుకొన్నది. 2007 నుండి టోనీ బౌ అను స్పెయిన్ యువకుడు పదేండ్లకు మించి వరుసగా ప్రపంచ విజేత అయినది ఆ బండి మీదనే.

1980లో బుల్టాకో తలుపులు మరల తెరచినారు. 1983లో శాశ్వతముగా మూసినారు. బోధను వాసులకు ఈ విషయము వివరించి చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర మిల్లుకు తాళము పడిన పిదప ఆ క్వార్టర్ల మధ్య నడచినవారికి, చల్లారిన పొగగొట్టము ఎట్లుండునో తెలియును. అక్కడ చెరకున్నది, ఇక్కడ విజేతలున్నారు; రెంటను లోపించినది వేరొకటి.

మన దేశమున సయితము 2019లో బుల్లెట్ ట్రయల్స్ అను పేరుతో, పాత జానీ బ్రిటన్ విజయముల జ్ఞాపకార్థము ఒక బండి విడుదలైనది. రూపము మాత్రమే ట్రయల్స్. బరువు నూట ఎనుబది కిలోలకు పైబడినది. 2020లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు, దానిని ఆ ప్రమాణములకు మార్చు ఖర్చునకు తగిన అమ్మకములు లేక కాబోలు, జాబితా నుండి తొలగించినారు.

కార్ఖానా పోయిన తరువాత బుల్టో మరి పదునైదు సంవత్సరములు జీవించినారు. మనుమడు సెటె జిబెర్నావ్ మోటారు సైకిలు పందెగాడై అంతర్జాతీయ రంగమున కాలూనుట చూచినారు. 1998 ఆగస్టు 3వ తేదీన, ఎనుబది ఆరవ యేట బుల్టో కన్నుమూసినారు. ఆ సంవత్సరముననే ఆయన కుమారుల తోడ్పాటుతో ఒక కొత్త ట్రయల్స్ బండి సంస్థ వెలసినది. షెర్పాలోని మొదటి అక్షరములను, బుల్టాకోలోని చివరి అక్షరములను కలిపి దానికి షెర్కో అని పేరు పెట్టినారు.