కలివికోడిని లోకానికి చూపిన డాక్టరు జెర్డాన్

కడప: కలివికోడి పేరు మన జిల్లాలో వినని వారు తక్కువ. అయితే ఈ పక్షిని లోకానికి మొదట తెలియజేసిన డాక్టరు ఎవరో, ఆయనకు మన ప్రాంతపు జనం చేసిన సాయం ఏమిటో చాలామందికి తెలియదు.

ఆయన పేరు థామస్ జెర్డాన్. 1811లో ఇంగ్లండులో పుట్టారు. ఎడింబరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1836లో మద్రాసుకు వచ్చారు. మొదట గంజాం ప్రాంతంలో జ్వరాలతో, రక్తవిరేచనాలతో పడి ఉన్న సిపాయిలకు వైద్యం చేశారు. తర్వాత ఎన్నో ఊళ్లకు బదిలీ అయ్యారు. ఎక్కడికి వెళ్లినా రోగులను చూడగా మిగిలిన పొద్దంతా పిట్టలకు, పురుగులకు, పాములకు, చేపలకే ఇచ్చేవారు.

కొంతకాలం ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా పని చేశారు. అక్కడే ఆయనకు యానాదులతో పరిచయం కలిగింది. ఏ పిట్ట ఏ పొదలో గూడు కడుతుంది, ఏది పగలు మేస్తుంది, ఏది రాత్రి తిరుగుతుంది అనే సంగతులు వారికి కొట్టిన పిండి. డాక్టరు ఆ సంగతులను వారి వద్దనే తెలుసుకున్నారు. తర్వాత తాను రాసిన పుస్తకంలో పక్షులకు మన వాళ్లు పిలిచే తెలుగు పేర్లు కూడా చేర్చారు. దొరలు ఏలుతున్న రోజుల్లో ఒక దొర అడవి మనుషుల వద్ద పాఠం నేర్చుకోవడం విశేషమే.

నెల్లూరుకు పైనున్న కనుమల్లోనూ, కడప సీమలోనూ ఆయనకు ఒక కొత్త పక్షి దొరికింది. పొడుగు కాళ్లు, రొమ్ము మీద రెండు పట్టీలు. కలకత్తాలోని బ్లిత్ అనే పండితుడు 1848లో దాన్ని శాస్త్ర రీతిన వర్ణించారు. అదే మన కలివికోడి. ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి జెర్డాన్ పేరే స్థిరపడింది.

డాక్టరుగారి చూపు పిట్టలతో ఆగలేదు. 1851లో దక్షిణ దేశపు చీమల పట్టికను అచ్చు వేయించారు. ఎగిరి దూకి పురుగును పట్టే పెద్దకళ్ల చీమను శాస్త్రానికి తెలిపింది ఆయనే. చీమలు గింజలు దాచుకుంటాయన్నది మన రైతుకు చిన్ననాటి నుంచి తెలిసిన సంగతి. ఆ రోజుల్లో యూరపు పండితులు చాలామంది దాన్ని కట్టుకథ అనుకునేవారు. జెర్డాన్ మాత్రం ఇక్కడ కళ్లారా చూసి నిజమని రాశారు.

1843 నుంచి 1847 వరకు ఆయన మద్రాసులో 50 పక్షుల బొమ్మల పుస్తకం వెలువరించారు. బొమ్మలు చాలావరకు మన దేశపు చిత్రకారులు వేసినవే. 1862-64లో వచ్చిన పెద్ద గ్రంథంలో వెయ్యికి పైగా భారత పక్షుల వివరాలు ఉన్నాయి. 1867లో జంతువులపై మరో గ్రంథం వచ్చింది. 1872లో ఆయన ఇంగ్లండులో కన్ను మూశారు.

ఆయన పోయాక కలివికోడి కథ మరో మలుపు తిరిగింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత దాని జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 86 ఏళ్లకు, 1986 జనవరిలో, మన జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నుంచి వచ్చిన పరిశోధకులు పల్లె పల్లె తిరిగి అడుగుతుండగా, రాత్రిపూట దాన్ని పట్టింది ఒక పల్లె వేటగాడే. నాడు డాక్టరుకు అడవి సంగతులు చెప్పిందీ, నేడు పోయిన పక్షిని తిరిగి చూపిందీ చదువు లేని వారి కళ్లే. కాని పక్షి మీద నిలిచింది డాక్టరు పేరు ఒక్కటే.

1988లో లంకమల అడవిని అభయారణ్యం చేశారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి ఉండే కంపల్లోకి వచ్చాయి. పక్షి ప్రేమికులు అభ్యంతరం తెలపగా ఆ తర్వాత కాలువ దారి మార్చారు. చేలకు నీళ్లు కావాలి, నిజమే. కంపలన్నీ కొట్టేస్తే మాత్రం కలివికోడికి వేరే ఇల్లు లేదు. అది పగలు పొదల్లో దాగి రాత్రి మేతకు తిరుగుతుంది. చెదలు, చీమలు దాని ఆహారం. పొద్దు గుంకిన కొద్దిసేపటికి రెండు స్వరాలతో కూస్తుంది.

మేకలు తోలుకుని, కట్టెల కోసం ఆ వైపు వెళ్లే వారు కలివి పొదలను వేళ్లతో పెకలించకుంటే చాలు. ఉచ్చులు పెట్టరాదు. మునిమాపు వేళ ఆ కూత చెవిన పడితే అటవీశాఖ వారికి కబురు చెప్పాలి. జెర్డాన్ వంటి వారు ఊరూరా పుట్టరు గాని, యానాదుల వంటి కళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి.