పిచ్చాసుపత్రిలో నేర్చుకున్న ప్రేమ

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు చాలామంది తెలుగు క్రైస్తవులకు తెలుసు. అయితే దాన్ని స్థాపించిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ మన దేశానికి రాకముందు మానసిక రోగులకు సేవ చేశారన్న సంగతి కొద్దిమందికే తెలుసు.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టిన ఆమె 1879లో వైద్య పట్టా పొందారు. తర్వాత నోరిస్‌టౌన్ పిచ్చాసుపత్రిలో స్త్రీల విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరారు. ఆ విభాగాధిపతి డాక్టర్ ఆలిస్ బెన్నెట్. రోగులను కట్టివేయడం మాన్పించి, వారికి చేతిపనులు, సంగీతం అలవాటు చేసిన మానసిక వైద్యురాలామె. స్త్రీలను డాక్టర్లుగా లెక్కచేయని ఆ రోజుల్లోనే, 1890లో మాంట్‌గోమరీ కౌంటీ వైద్యుల సంఘం బెన్నెట్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది.

అలాంటి నాయకురాలి వద్ద పనిచేసిన కుగ్లర్ 1883లో గుంటూరు చేరారు. కానీ లూథరన్ మిషన్ బోర్డు ఆమెను డాక్టరుగా పంపలేదు, స్త్రీలకు బోధించే మిషనరీగానే పంపింది. వైద్యసేవకు బోర్డు అప్పటికి సిద్ధంగా లేదు. ఆమె అలగలేదు, వెనుదిరగలేదు. అప్పగించిన పని చేస్తూనే రోగుల ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారు. ఆమె ముట్టుకుంటే మైలపడతామనుకున్న వారికి కూడా సేవచేశారు. చివరికి 1885లో బోర్డు ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1898లో ఆసుపత్రి ప్రారంభమైంది. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. 1930లో గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించారు.

సమాధుల మధ్య తిరుగుతున్న గెరసేనీయుణ్ణి ఊరివాళ్లు సంకెళ్లతో కట్టారు. యేసుప్రభువు మాత్రం అతణ్ణి బాగుచేసి, తన వారి దగ్గరికి, ఇంటికి పంపాడు. ఈనాడు చిట్యాలలోనైనా, మరే ఊళ్లోనైనా మనసు చెదిరిన బిడ్డ ఉన్న తల్లి ఆ సంగతి సంఘంలో చెప్పుకోవడానికి జంకుతుంది. దయ్యమంటారో, శాపమంటారోనన్న భయం ఆమెది. రోగిని గొలుసులతో బంధించడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మరి మన మాటల సంకెళ్ల సంగతేమిటి?

ప్రార్థన చేద్దాం, విడువక చేద్దాం. ప్రార్థించి లేచాక ఆ తల్లికి తోడుగా ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా వెళదాం. డాక్టరిచ్చిన మందులు వాడడం అవిశ్వాసం కాదు. స్వస్థపరిచే దేవుడే వైద్యులనూ ఇచ్చాడు. కుగ్లరమ్మ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.