జాన్ స్మీటన్

జాన్ స్మీటన్ (జూన్ 8, 1724 - అక్టోబరు 28, 1792) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ ఇంజనీరు. తనను తాను సివిల్ ఇంజనీరుగా పేర్కొన్న తొలి వ్యక్తిగా ప్రసిద్ధుడు. నీటిలో కూడా గట్టిపడే సున్నం ఎటువంటి రాతి నుండి లభిస్తుందో ప్రయోగపూర్వకంగా కనుగొన్నాడు. దీపస్తంభాలు, కాలువల లాకులు, నేలమాళిగ గోడలు మొదలైన, నిత్యం తడి తగిలే కట్టడాలకు ఈ పరిశోధన ఎంతో ఉపకరించింది.

బాల్యము, విద్య

స్మీటన్ లీడ్స్ సమీపంలోని ఆస్తోర్ప్‌లో జన్మించాడు. తండ్రి విలియం న్యాయవాది. లీడ్స్ గ్రామర్ స్కూలులో చదివిన తరువాత, తండ్రి కోరిక మేరకు న్యాయశాస్త్రం అభ్యసించడానికి లండను వెళ్ళాడు. కాని చిన్ననాటి నుండి పనిముట్ల మీదనే మక్కువ ఉండడంతో ఆ చదువు విడిచి, శాస్త్రీయ పరికరాల తయారీని వృత్తిగా చేపట్టాడు. 1753లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. నీటి చక్రాలు, గాలిమరలపై చేసిన పరిశోధనకు 1759లో కోప్లీ పతకం పొందాడు.

ఎడిస్టోన్ దీపస్తంభం

ప్లిమత్ రేవుకు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఉన్న ఎడిస్టోన్ రాళ్ళకు తగిలి అనేక ఓడలు మునిగిపోయేవి. అక్కడ హెన్రీ విన్‌స్టాన్లీ నిర్మించిన మొదటి దీపస్తంభం 1703 నాటి పెనుతుఫానులో, నిర్మాతతో సహా కొట్టుకొనిపోయింది. తరువాత జాన్ రడ్యర్డ్ నిర్మించిన స్తంభం 1755 డిసెంబరులో అగ్నికి ఆహుతి అయింది. మూడవ స్తంభాన్ని నిర్మించే బాధ్యత స్మీటన్‌కు అప్పగించబడింది.

స్మీటన్ పూర్తిగా రాతితోనే కట్టాలని నిశ్చయించాడు. ఒక రాయి మరొక రాతిలో ఇమిడిపోయే విధంగా చెక్కించాడు. అయితే రాళ్ళ నడుమ అతుకులలో ఉండే సున్నపు అడుసు కరిగిపోతే సముద్రపు నీరు లోపలికి చొరబడి కట్టడాన్ని బలహీనపరుస్తుంది. కావున అసలు సమస్య అడుసుదేనని గ్రహించాడు.

సున్నంపై పరిశోధన

సాధారణ సున్నపు అడుసు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడుతుంది. గాలి సోకని తడిలో అది మెత్తగానే ఉండి, క్రమంగా కొట్టుకొనిపోతుంది. గట్టి రాతిని కాల్చితే గట్టి సున్నం వస్తుందని ఆ కాలంలో నమ్మేవారు. స్మీటన్ వివిధ ప్రాంతాల సున్నాలతో అడుసు ఉండలు చేసి, నీటిలో ఉంచి పరీక్షించాడు. రాతి గట్టిదనానికి, ఈ గుణానికి సంబంధం లేదని తేలింది.

ప్లిమత్‌కు చెందిన రసాయనవేత్త విలియం కుక్‌వర్తీ సహాయంతో సున్నపురాళ్ళను ఆమ్లంలో కరిగించి చూశాడు. నీటిలో గట్టిపడే సున్నాన్నిచ్చే రాళ్ళలో బంకమట్టి మిగిలింది. లోపంగా భావించబడిన మట్టి కలయికయే ఆ గుణానికి కారణమని దీనివలన తెలిసింది. వేల్స్‌లోని అబర్తా సున్నాన్ని, ఇటలీ నుండి వచ్చిన పొజొలానా అనే అగ్నిపర్వత ధూళిని సమపాళ్ళలో కలిపి దీపస్తంభానికి వాడాడు. 1759 అక్టోబరు 16న అందులో దీపం వెలిగించారు.

ఇతర నిర్మాణాలు

ఫోర్త్ - క్లైడ్ కాలువ, రామ్స్‌గేట్ రేవు, పెర్త్, కోల్డ్‌స్ట్రీమ్ వంతెనలు స్మీటన్ పనులలో ముఖ్యమైనవి. అన్నీ విజయవంతం కాలేదు. హెక్సమ్ వద్ద ఇతడు కట్టిన వంతెన 1782 వరదలలో కూలిపోయింది. 1771లో ఏర్పడిన సివిల్ ఇంజనీర్ల సంఘం స్థాపకులలో ఇతడు ఒకడు. దీపస్తంభ నిర్మాణాన్ని, సున్నంపై ప్రయోగాలను వివరించే గ్రంథాన్ని 1791లో ప్రచురించాడు. మరుసటి సంవత్సరం ఆస్తోర్ప్‌లో మరణించాడు.

ప్రభావము

ఫ్రాన్సులో లూయీ వికా ఈ పరిశోధనను మరింత ముందుకు తీసుకొని వెళ్ళాడు. సున్నపురాతిని, మట్టిని కలిపి కాల్చే పద్ధతికి 1824లో లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొంది, దానికి పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు పెట్టాడు. తెలుగునాట గానుగ సున్నంలో ఇటుకల పొడి, అనగా సుర్కీ, కలిపే పాత పద్ధతిలోనూ ఇదే సూత్రం ఉంది. కాల్చిన మట్టి సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది.

నేలమాళిగ గోడకు ఒకవైపు ఎల్లప్పుడూ తడిమట్టి ఆనుకొని ఉంటుంది. అక్కడ నీరు సాధారణంగా రాయి గుండా కంటే అతుకులు, పగుళ్ళ గుండా ఎక్కువగా ఊరుతుంది. అందువలన తడికి చెడని అడుసు వాడడం మొదటి అవసరం. అయితే అదొక్కటే చాలదు. గోడ వెలుపల నీరు నిలువకుండా పోయే మార్గం కూడా ఉండాలి.

1877 నాటికి ఎడిస్టోన్ స్తంభం క్రింది శిల కోతకు గురైనట్లు గమనించారు. కట్టడం మాత్రం దృఢంగానే ఉంది. 1882లో కొత్త స్తంభం వెలసిన పిమ్మట, పాతదాని పైభాగాన్ని విప్పి ప్లిమత్‌లో తిరిగి నిలబెట్టారు. దానిని స్మీటన్ టవర్ అంటారు. పునాది భాగం సముద్రంలోని శిలపై నేటికీ నిలిచి ఉంది.