తెలియదని ఒప్పుకున్న వైద్యుడు

వానలు మొదలయ్యాయంటే ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలలో జ్వరాల కాలం వచ్చినట్టే. చలిజ్వరం పట్టినవారి కోసం మన సంఘాలు ప్రార్థిస్తాయి, రక్త పరీక్షకూ తీసుకెళ్తాయి. అయితే కరోనా రోజుల నుండి కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ విశ్వాసుల నోట ఒక మాట వింటున్నాము. డాక్టర్లు నిన్న ఒకటి, నేడు ఒకటి చెబుతుంటే ఎలా నమ్మాలి అని. అలా అడిగేవారికి సికింద్రాబాదులో పనిచేసిన రొనాల్డ్ రాస్ జీవితాన్ని గుర్తుచేస్తున్నాము.

రాస్ 1857లో అల్మోరాలో, ఒక సైనికాధికారి ఇంట పుట్టారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మలేరియా రోగుల రక్తంలో క్రిమిని చూశానని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే చెప్పినా రాస్ నమ్మలేదు, దానికి విరుద్ధంగా వ్రాశారు కూడా. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ సూక్ష్మదర్శినిలో దానిని చూపించాక తన మాట మార్చుకున్నారు.

మరి ఆ క్రిమి ఒకరి నుండి ఒకరికి ఎలా చేరుతుంది? దోమే కారణమని మాన్సన్ అనుమానం. దోమలు నీళ్లలో చచ్చి, ఆ నీళ్లు తాగినవారికి జబ్బు వస్తుందని ఆయన తలంచారు. 1895లో సికింద్రాబాదుకు వచ్చిన రాస్ అలాంటి నీళ్లు తాగించి చూశారు. ఫలితం అటూ ఇటూ తేలలేదు. ఎన్నో దోమలను కోసి చూశారు. వాటిలోనూ ఏమీ దొరకలేదు.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు కొన్ని చేతికొచ్చాయి. వాటి జాతి పేరైనా రాస్‌కు తెలియదు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, ఆగస్టు 20న ఒకదానిని కోశారు. కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనబడ్డాయి. అవి మలేరియా క్రిములేనా? మరుసటి రోజు ఇంకొక దోమను కోస్తే ఆ కణాలు పెద్దవిగా ఉన్నాయి. పెరుగుతున్నాయంటే వాటికి ప్రాణం ఉన్నట్టే. అయినా ఆయన తొందరపడలేదు. రెండు దోమలలో వింత కణాలు కనబడ్డాయని మాత్రమే తన వ్యాసానికి పేరు పెట్టారు.

1898లో కలకత్తాలో పిట్టలపై పరీక్షలు చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సోకుతుందని రుజువు చేశారు. మాన్సన్ అనుమానం నిజమైంది, నీళ్ల సంగతి తప్పయింది. మనుషుల విషయం ఇటలీలో గ్రస్సీ బృందం తేల్చింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనలోనూ లోపాలున్నాయి. ఘనత ఎవరిదన్న తగవులో గ్రస్సీతో ఏళ్ల తరబడి పోరాడారు. 1932లో కన్నుమూశారు.

నేడు మన పల్లెలో వేలి నుండి తీసే ఒక్క రక్తపు చుక్క వెనుక ఇన్ని సందేహాలు, ఇన్ని దిద్దుబాట్లు ఉన్నాయి. వైద్యులు మాట మార్చినప్పుడు ఎందుకు మార్చారో అడుగుదాం. రుజువు చూపితే అంగీకరిద్దాం. సంఘ కాపరులమైన మేమూ తెలియనిచోట తెలియదని చెప్పడం నేర్చుకోవాలి. జ్వరం వచ్చినవారి కోసం ప్రార్థన చేసి, అదే రోజు పరీక్షకు పంపుదాం.