శ్రమకు వెల: చిట్యాల ఐలమ్మ చరితము

వీరవనిత చిట్యాల ఐలమ్మ ఓరుగల్లు సీమయందలి కృష్ణాపురమున జన్మించెను. మెట్టినిల్లు పాలకుర్తి. ఆ కాలమున రజకులు దొరల గడీల బట్టలను వెట్టిగా నుతుకవలసి యుండెను. చీరయైనను ధోవతియైనను కూలి శూన్యమే!

ఆమె మల్లంపల్లి భూస్వామికడ 40 ఎకరములు కౌలునకు గొని, అందు కొంత సాగుచేసెను. 1940వ దశకమున విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఆ పంటను హరింపజూడగా, ఆంధ్ర మహాసభ కార్యకర్తల తోడ్పాటున ధాన్యమును తన యింటికి జేర్చుకొనెను. శ్రమించినవారిదే ఫలమని చాటెను. 1985 సెప్టెంబరు 10న పరమపదించెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడిరి.

ఈ నగరమున చిక్కడపల్లివంటి పేటల డ్రైక్లీనింగు దుకాణములలో పురుషుల దుస్తులకొక వెల, స్త్రీల దుస్తులకొక వెల యున్నచో ఐలమ్మ చరితమే కొలబద్ద. చొక్కాల ఇస్త్రీ యంత్రములు తరచుగా పురుషుల కొలతలకే నిర్మింపబడినవి. జరీ, పూసలు, కుచ్చులు గల వస్త్రములను చేతితోనే సరిచేయవలెను. ఆ యధికశ్రమకు అధికధర న్యాయమే. సాదా చొక్కాకు, అది స్త్రీదగుటచేతనే హెచ్చు గొనుట తగదు. వెల శ్రమను అనుసరింపవలెను గాని ధరించువారిని కాదు. ఆ హెచ్చు సొమ్ము ఇస్త్రీ చేసిన చేతికి జేరుచున్నదా? ఐలమ్మను స్మరించు మనమందరము అడుగవలసిన ప్రశ్న యిదియే.