నొప్పి తెలియని పాదం

పాదం మీద వేడినీళ్లు పడ్డా మంట తెలియలేదంటే ఏమిటర్థం? 1884లో ఫాదర్ డామియన్‌కు అలాగే జరిగింది. ఆయనకు కుష్ఠు సోకిందనడానికి అదే గుర్తు.

1840లో బెల్జియంలో పుట్టిన ఈ క్యాథలిక్ గురువు 1873లో హవాయి దీవుల్లోని మొలోకై చేరారు. కుష్ఠు సోకినవారిని అప్పట్లో ఇంటివాళ్ల నుంచి విడదీసి అక్కడికి పంపేసేవారు. డామియన్ వాళ్ల పుండ్లకు కట్లు కట్టారు. ఇళ్లు కట్టించారు. చనిపోయినవారికి శవపేటికలు చేసి, గోతులు తవ్వి, ప్రార్థనతో సాగనంపారు. ఆయన జబ్బు ముదిరాక మదర్ మరియాన్ కోప్, తోటి సిస్టర్లు 1888లో అక్కడికి వచ్చి సేవను అందుకున్నారు. 1889 ఏప్రిల్ 15న, 49 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

డామియన్ మొలోకై వెళ్లిన ఏడాదే నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠు బ్యాక్టీరియాను గుర్తించారు. కానీ నయం చేసే మందు అప్పటికి లేదు. ఇప్పుడుంది. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే దాచుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. 6 నుంచి 12 నెలలు మానకుండా వాడితే నయమవుతుంది. చికిత్స మొదలయ్యాక ఇతరులకు సోకదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే వెలివేయకండి. పక్కన కూర్చుని భోజనం చేయండి.