కుందేలుతో కబుర్లాడిన బియాట్రిక్స్ పాటర్

నీలం కోటు తొడుక్కున్న పీటర్ రాబిట్ అనే కుందేలు బొమ్మను మీలో కొందరైనా చూసే ఉంటారు. ఆ కుందేలు కథ రాసి, బొమ్మలు కూడా తానే వేసిన బియాట్రిక్స్ పాటర్ 1866 జూలై 28న లండన్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. డబ్బుకు లోటు లేదు, లోటల్లా తోడుకే. ఆమెను బడికి పంపలేదు. చదువు చెప్పే టీచరమ్మ ఇంటికే వచ్చేది. మేడ మీద పిల్లల గదే ఆమె లోకం. ఆరేళ్ళు చిన్నవాడైన తమ్ముడు బెర్ట్రామ్‌ను బోర్డింగ్ స్కూలుకు పంపాక ఆ గది మరీ బోసిపోయింది.

మన హాస్టల్‌లో పక్కనే ఇంకొకరి ట్రంకుపెట్టె ఉంటుంది, మాట్లాడే మనిషి ఉంటాడు. ఆమెకు ఆ మనుషులు లేరు. అందుకే అక్కాతమ్ముళ్ళు ఎలుకలు, కప్పలు, బల్లులు, గబ్బిలాలు తెచ్చి ఆ గదిలో పెంచుకున్నారు. చచ్చిపోయిన జంతువులను కూడా వదలకుండా ఉడికించి, ఎముకల గూడు ఎలా ఉందో చూసేవారట! వినడానికి రోతగా ఉన్నా, ఆమె బొమ్మల్లోని కుందేలు కోటు వేసుకున్నా అచ్చం కుందేలులాగే కూర్చోవడానికి కారణం ఆ పరిశీలనే అని నా అభిప్రాయం.

పెద్దయ్యాక కూడా ఆ కోరిక తీరలేదు. ఒక కుందేలును కాగితం సంచిలో పెట్టి, అమ్మానాన్నల కంట పడకుండా ఇంటికి తెచ్చింది. మనలో కుక్కపిల్లను వార్డెన్ గారి కంట పడకుండా దాచినవారికి ఆ గుండెదడ తెలిసే ఉంటుంది. తర్వాత కొన్న రెండో కుందేలే పీటర్. దానికి గంట మోగించడం, రింగులోంచి దూకడం నేర్పింది.

1893 సెప్టెంబర్ 4న, తన పాత టీచరమ్మ కొడుకు జబ్బుపడి మంచం మీద ఉంటే, ఏం రాయాలో తోచక పీటర్ మీద ఒక కథ అల్లి, బొమ్మలతో ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పుస్తకం చేద్దామంటే ప్రచురణకర్తలు కాదన్నారు. 1901 జనవరిలో పీటర్ చనిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించింది. 1902లో వార్న్ సంస్థ ఆ పుస్తకాన్ని ప్రచురించింది.

పుస్తకాల డబ్బుతో 1905లో లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతంలో పొలం కొని, చివరికి గొర్రెల పెంపకంలో దిట్ట అయింది. 1943లో మరణించేనాటికి 4000 ఎకరాలకు పైగా భూమి ఉంది. దాన్ని నేషనల్ ట్రస్టుకు రాసి ఇస్తూ, కొండ మీది పొలాల్లో అక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెలనే మేపాలని షరతు పెట్టింది.